ఏడు గోల్స్ తిన్నాయన ముచ్చట

హాకీల ఫార్వర్డ్ గురి తప్పితే బంతి బయటికి పోతది, జనం అయ్యో అంటరు, ఆట మళ్ల సాగుతది. హాఫ్ బ్యాక్ తప్పు జేస్తే ఎనకున్నోడు సర్దుకుంటడు. గోల్‌కీపర్ తప్పు జేస్తే మాత్రం బోర్డు మీద అంకె మారుతది. మారిన అంకెను ఇగ ఎవ్వడు చెరపలేడు. సికింద్రాబాద్ జింఖానా గ్రౌండ్ల గోల్ ముంగట నిలవడ్డోన్ని గాబట్టి చెప్తున్న.

అరేయ్ చింటూ, గా పచ్చి కట్టె తీసి పక్కకు వెయ్యి. పొగంత నా దిక్కే వస్తున్నది. ఆఁ, ఇప్పుడు మంచిగుంది.

బిడ్డా, నిన్ను బడిల కీపర్‌గ నిలవెట్టిన్రని పొద్దంత మూతి ముడుసుకోని తిరిగినవు. ఉరక చాతగానోళ్లనే గోల్‌ల పెడ్తరు అన్నడట నీతోని ఎవడో. గా మాట మా కాలంల గూడ అన్నరు. గందుకే నీకు నేగి సాబ్ ముచ్చట చెప్పాలె. మీర్ రంజన్ నేగి. ఉత్తరాఖండ్ కొండల మనిషి, పెరిగింది మాత్రం ఇండోర్ దిక్కు. దేశానికి గోల్‌కీపర్‌గ ఆడిండు. ఆడి దేశంతోని తిట్లు పడ్డడు. అటెన్క కోచ్ అయిండు. ఆయన పనిజేసిన టీములు బంగారు పతకాలు పట్కొచ్చినయి. గీ నడుమల ఏం జరిగిందో చెప్త, ఇనుండ్రి. నడుమ నడుమ ఫోన్ జూసేటోడు లేసి లోపటికి పోవచ్చు.

ముందుగాల మా కాలంల కీపింగ్ అంటే ఏందో తెల్వాలె. గోల్ 12 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు. గది అప్పుడు గంతే, ఇప్పుడు గంతే. మారింది ఒంటి మీద సామాను. ఇప్పుడు నీకు ఫోమ్ ప్యాడ్లు, తలకు హెల్మెట్, ఛాతికి గార్డు, గొంతుకు పట్టీ, అన్నీ ఉన్నయి. మాకు క్యాన్వాసు ప్యాడ్లు, లోపట దూది, బెత్తం పుల్లలు. వాన పడ్తే నీళ్లు తాగి బరువెక్కి కాలు లేవకపోతుండె. బూట్ల మీద కిక్కర్లు, చేతులకు పలుచని గ్లోవ్సు. మొఖానికి ఏం లేకుండె. పెనాల్టీ కార్నర్ పడ్డదంటే పండ్లు బిగవట్టి నిలవడుడే. మా మెట్టుగూడ, లాలాగూడ రైల్వే కార్టర్లల్ల ఉన్న ఆంగ్లో ఇండియన్ పోరగాళ్లు బంతి కొడ్తే చెవి పక్కకెళ్లి గాలి పోయిన చప్పుడు ఇనొస్తుండె. అటు ఏఓసీ, ఈఎంఈ ఫౌజీ టీములు. వాళ్లతోని ఆట అంటే తెల్లారి నడుసుడు కష్టం.

హాకీ అప్పుడు మాకు అన్నం. ఇంట్ల టీవీలు లేకుండె. ట్రాన్సిస్టర్ల జస్దేవ్ సింగ్ హిందీల కామెంటరీ చెప్తుంటే గల్లీ గల్లీ ఆగిపోతుండె. 1975ల కౌలాలంపూర్‌ల పాకిస్తాన్‌ను 2-1తోని కొట్టి ప్రపంచకప్పు గెలిసినమన్న రోజు, రైల్వే వర్క్‌షాపుల పండుగ జేసుకున్నరు. ఏడాది తిరిగిందో లేదో, 1976ల మాంట్రియల్ ఒలింపిక్స్‌ల మనం ఏడో జాగల పడ్డం. 1928 కెళ్లి 1956 దాంక వరుసగ ఆరు బంగారు పతకాలు గెలిసిన దేశం ఏడో జాగల!

ఏమైందంటవా? గడ్డి పోయి నకిలీ గడ్డి వచ్చింది. ఆస్ట్రో టర్ఫ్. మన ఆట అంత గడ్డి మీద పుట్టిన ఆట. బంతిని కర్రకు అతికిచ్చుకున్నట్టు తీస్కపోవుడు, ఒకన్ని తప్పిచ్చి ఇంకొకన్ని తప్పిచ్చుడు. టర్ఫ్ మీద నీళ్లు కొడ్తరు, బంతి ఎగరదు, సర్రున జారుతది. ఆడ కావల్సింది ఉరుకుడు, దూరం కొట్టుడు, దమ్ము. యూరోపోళ్లకు, ఆస్ట్రేలియోళ్లకు టర్ఫ్ మైదానాలు మస్తుగ వచ్చినయి. మనకాడ ఏళ్ల మీద లెక్కవెట్టేటన్ని. మనోళ్లు మట్టి గ్రౌండ్ల నేర్సుకోని పోయి టర్ఫ్ మీద పరీచ్ఛ రాయాలె. గోల్‌కీపర్‌కైతే ఇంకా కష్టం. మట్టి మీద బంతి ఎటు ఎగురుతదో తెల్వదు గాని నిదానంగ వస్తది. టర్ఫ్ మీద సీదా వస్తది, కండ్లు మూసి తెరిసేలోపు వస్తది.

1980ల మాస్కోల మళ్ల బంగారం గెలిసినం, నిజమే. ఫైనల్‌ల స్పెయిన్‌ను 4-3తోని కొట్టినం. భాస్కరన్ కెప్టెన్. గని గా ఒలింపిక్స్ హాకీకి పాకిస్తాన్ రాలే, పశ్చిమ జర్మనీ రాలే, హాలండ్ రాలే, ఆస్ట్రేలియా రాలే. అఫ్గానిస్తాన్ లొల్లి మీద వాళ్లంత బంద్ వెట్టిన్రు. గెలుపు గెలుపే, నేను కాదన. గని జనం అనుకున్నది ఏందంటే, మళ్ల మన రోజులు వచ్చినయి అని. గా అనుకునుడే నేగి మీద పడ్డది.

1982. ఢిల్లీల ఏషియాడ్. మీకు ఎట్ల చెప్పాలె అప్పటి సంబురం! కొత్త స్టేడియాలు, కొత్త రోడ్లు, అప్పు అనే ఏనుగు బొమ్మ. రంగుల టీవీ దేశానికి వచ్చింది గా ఏడాదే. మా కార్టర్లల్ల ఒక గార్డు సాబ్ ఇంట్ల టీవీ ఉండె, రంగులది గాదు, నలుపు తెలుపుదే. డిసెంబరు 1 నాడు హాకీ ఫైనల్. ఇండియా, పాకిస్తాన్. గార్డు సాబ్ ఇంట్ల కాలు వెట్టే జాగ లేకుండె. కిటికీ చువ్వలు వట్టుకోని చూసినోళ్లు చూసిన్రు. మీ నాయనమ్మ గిన్నెల మురుకులు తెచ్చి పంచింది.

ఢిల్లీ నేషనల్ స్టేడియంల ఇందిరాగాంధి వచ్చి కూసున్నది. మన కెప్టెన్ జఫర్ ఇక్బాల్. అవుతల సమీవుల్లా, ఆయన తమ్ముడు కలీముల్లా, హసన్ సర్దార్, హనీఫ్ ఖాన్. గా ఏడాది జనవరిల బొంబాయిల ప్రపంచకప్పు ఎత్కపోయిన టీమే అది. గా కాలంల ప్రపంచంలనే అసుంటి ఫార్వర్డ్ లైన్ ఇంకోటి లేదు, దుష్మన్ అయినా మాట మాటే.

మొదటి గోల్ మనదే, తెలుసా? ఆట షురూ అయిన కాసేపటికే. గార్డు సాబ్ ఇంటి పైకప్పు లేసిపోతదనుకున్న. అటెన్క పాకిస్తాన్ ఒకటి కొట్టింది. ఇంకోటి కొట్టింది. ఇంకోటి. చివరికి ఏడు. 7-1.

గా ఆట నేను కీపర్ కండ్లతోని చూసిన. మనోళ్లు ఎనకబడంగనే గోల్ తిరిగి కొట్టాలని అందరు ముంగటికి ఉరికిన్రు. బ్యాకులు గూడ సగం గ్రౌండ్ దాటిపోయిన్రు. బంతి పోయినంక ఎనకకు ఉరికొచ్చేటోడు లేడు. సమీవుల్లా ఎడమ దిక్కుకెళ్లి, కలీముల్లా కుడి దిక్కుకెళ్లి, నడుమ హసన్ సర్దార్. ఎదురుంగ నేగి ఒక్కడే. ముంగటికి ఉరికొచ్చి అడ్డం పోతే పక్కకెళ్లి తీస్కపోతున్నరు. గోల్ కాడనే నిలవడ్తే తీరుబాటుగ గురి చూసి కొడ్తున్నరు. ఒకటి రెండు గోల్స్ ఆపవచ్చునేమో. ఏడు ఎట్ల ఆపుతవు? నువ్వు ఇయ్యాల బడిల గోల్ ముంగట నిలవడ్డవు గదా, చెప్పు, ముగ్గురు ఒక్కసారి నీ మీదికొస్తే ఎవని దిక్కు చూస్తవు?

అగో, నవ్వుతున్నవు. గప్పుడు ఎవ్వలు నవ్వలే.

తెల్లారి పేపర్లు ఏం రాసినయో నాకు యాదికుంది. ఆట గురించి తక్వ, నేగి గురించి ఎక్వ. పాకిస్తానోళ్ల కాడ పైసలు తిన్నడన్నరు. దేశాన్ని అమ్ముకున్నడన్నరు. రుజువు ఎవ్వడు చూపెట్టలే. రుజువెందుకు, ఏడు అంకె ఉంది గదా! టీముల పదకొండు మంది ఆడిన్రు, ఎనక కోచ్ ఉండె, మేనేజర్ ఉండె, ఫెడరేషన్ ఉండె. వాళ్ల పేర్లు ఏ హోటళ్ల వినపడలే. నేగి పేరొక్కటే. మా కార్టర్ల నేను నోరు తెరిసి, కీపర్ తప్పు గాదు, బ్యాకులు లేకుండె అంటే, నువ్వు గూడ కీపర్‌వే గదా, మీ కులపోన్ని ఎనకేసుకొస్తున్నవు అన్నరు. నవ్వులాటకే అన్నరు గని, నాకు నవ్వు రాలే.

ఆయనకు అప్పుడు ఇరవై నాలుగేండ్లో ఎంతో. గా వయసుల మనిషికి గా ముద్ర పడ్తే ఏం గావాలె? ఆట పక్కకు వెట్టిండు. బొంబాయిల కస్టమ్స్ కొలువు ఉండె, గా కొలువు చేసుకుంట బతికిండు. యాడికి పోయినా, పేరు చెప్పంగనే ఎదుటోని మొఖం మారుతుండెనట. గా సంగతులు ఆయనే అటెన్క ఎన్నోసార్లు చెప్పుకున్నడు. దాసిపెట్టలే. గది నాకు మెచ్చింది.

ఆయన పెరిగిన దిక్కుననే, ఇండోర్ పక్కన మహౌ అనే ఊరుంది. ఆడికెళ్లే వచ్చిండు శంకర్ లక్ష్మణ్. ఫౌజీ మనిషి, మన దేశం చూసిన పెద్ద కీపర్. మూడు ఒలింపిక్స్ ఆడిండు, 1956, 1960, 1964. 1964ల టోక్యోల పాకిస్తాన్‌ను 1-0తోని కొట్టినప్పుడు గోల్‌ల ఉన్నది ఆయనే. 1966ల బాంకాక్ ఏషియాడ్ బంగారం గూడ ఆయన ఆడంగ వచ్చిందే. పద్మశ్రీ ఇచ్చిన్రు. గంత పెద్ద మనిషి ముసలితనంల కాలు కుళ్లిపోయి, చేతుల పైసలు లేక, 2006ల గా మహౌలనే పోయిండు. అంటే ఏందన్నట్టు? గోల్స్ తిన్న కీపర్‌ను తిట్టుడు ఒక్కటే కాదు, గోల్స్ ఆపిన కీపర్‌ను యాదిమర్సుడు గూడ మనకు వచ్చు.

సరే, కథ కాడికి వస్త. ఓ పదిహేను పదహారేండ్లు గట్ల గడిసినయి. 1998. మన హాకీ అప్పుడు పాతాళంల ఉంది. గా ఏడాది హాలండ్ల ప్రపంచకప్పుల తొమ్మిదో జాగ. డిసెంబరుల మళ్ల ఏషియాడ్, మళ్ల బాంకాక్‌లనే. కౌశిక్ అనే ఆయన్ని కోచ్ జేసిన్రు. మాస్కో ఫైనల్‌ల గోల్ కొట్టిన మహరాజ్ కిషన్ కౌశిక్. గోల్‌కీపర్లను తయారు జేసే పని నేగికి వచ్చింది.

చింటూ, నీ మొఖం జూస్తే తెలుస్తున్నది, కీపర్‌కు వేరే కోచ్ ఎందుకని. అరేయ్, కీపర్ పని వేరే ఆటనే రా. గోల్ కాడ నిలవడితే వెనక 12 అడుగులు ఖాళీ. రెండడుగులు ముంగటికొస్తే కొట్టేటోనికి గా ఖాళీ సగం కనవడదు. గని ఎప్పుడు రావాలె? ముందుగాల వస్తే తప్పిచ్చుకపోతడు, ఆల్స్యం జేస్తే కొట్టేస్తడు. బరువు మడిమల మీద ఉండొద్దు, ముని వేళ్ల మీద ఉండాలె. తొందరపడి కింద పడొద్దు. పడ్డ కీపర్ లేసేలోపు రెండో దెబ్బ పడ్తది. నోరు మూసుకోని నిలవడొద్దు. ముంగటి బ్యాకులకు ఆట ఎనక దిక్కుకెళ్లి ఎట్ల కనవడ్తదో ఒర్రి చెప్పేటోడు కీపర్ ఒక్కడే. గివన్ని ఫార్వర్డ్ ఆడిన కోచ్ చెప్పలేడు. దెబ్బలు తిన్నోడే చెప్పాలె. 1982ల గోల్ ముంగట ఒంటరిగ నిలవడ్డ మనిషి కంటె గీ పని ఎవరికి ఎక్వ తెలుస్తది?

బాంకాక్ టీముల మన హైదరాబాద్ పిలగాడు ముకేశ్ కుమార్ ఉండె. నందనూరి ముకేశ్, మూడు ఒలింపిక్స్ ఆడిన మనోడు. కెప్టెన్ ధన్‌రాజ్ పిళ్లై. ఫైనల్ దక్షిణ కొరియాతోని. ఆట 1-1 దగ్గర ఆగింది. ఇగ పెనాల్టీ స్ట్రోకులు. ఏడు గజాల కాడ బంతి వెడ్తరు. కొట్టేటోడొకడు, ఆపేటోడొకడు. బంతి కదిలేదాంక కీపర్ కాళ్లు కదిలియ్యొద్దు. గోల్‌ల ఆశిష్ బల్లాల్. బల్లాల్ ఆపిండు. 4-2తోని మనం గెలిసినం. 1966 అటెన్క, 32 ఏండ్లకు ఏషియాడ్ల మనకు హాకీ బంగారం. అది గూడ కీపర్ చేతుల మీదికెళ్లి వచ్చింది! నేను టీవీ ముంగట లేసి నిలవడ్డ. మీ నాయన అప్పుడు కాలేజీ పోరడు, ఏమైంది బాపు అన్నడు. ఏం లేదురా, నేగి గెలిసిండు అన్న. వానికి సమజ్ గాలే.

ఇంకో వింత ఇను. బంగారం తెచ్చినోళ్లకు ఏం జేస్తరు? పూలదండ ఏస్తరు. మనకాడ ఏం జేసిన్రో తెలుసా? కొన్ని వారాలల్లనే పాకిస్తాన్‌తోని సిరీస్ వచ్చింది. ధన్‌రాజ్‌ను తీసేసిన్రు, బల్లాల్‌ను తీసేసిన్రు, ఇంకా కొందర్ని తీసేసిన్రు. విశ్రాంతి ఇచ్చినం అన్నరు. కోచ్ కౌశిక్‌ను తీసేసిన్రు. నేగికి మళ్ల పిలుపు రాలే. ఆటగాళ్లు మాకు రావల్సిన పైసలు, సౌలతులు ఏవి అని అడిగిండ్రట, గది పెద్దసార్లకు నచ్చలే. పదహారేండ్ల కింద ఓడిపోయినందుకు పోయిండు. ఇప్పుడు గెలిసినంక గూడ పోయిండు. ఫెడరేషనోళ్లకు అప్పటికీ ఇప్పటికీ తేడా ఏందో నన్ను అడగకుండ్రి. నేను రైల్వే మనిషిని, సర్కులర్ చదివి దస్కత్ పెట్టుడే వచ్చు.

మళ్ల నాలుగేండ్లకు, 2002ల, ఆయనకు ఇంకో పిలుపు వచ్చింది. గీసారి మొగోళ్ల టీముకు కాదు, ఆడోళ్ల టీముకు. మాంచెస్టర్‌ల కామన్వెల్త్ ఆటలు. పెద్ద కోచ్ గుర్‌దయాల్ సింగ్ భంగు, కీపర్ల పని నేగిది.

ఈడ జర ఆగుత. మిమ్ముల్ని ఒకటి అడుగుత. 1982 ఢిల్లీ ఏషియాడ్ల మన హాకీకి ఏమొచ్చింది? ఆఁ, అందరు వెండి అంటరు. ఏడు గోల్స్ అంటరు. బంగారం వచ్చింది! ఏషియాడ్ల ఆడోళ్ల హాకీ మొదటిసారి పెట్టింది గా ఢిల్లీలనే, మొదటిసారే మన ఆడబిడ్డలు బంగారం గెలిసిన్రు. కెప్టెన్ ఎలిజా నెల్సన్. ఆమెకు పద్మశ్రీ గూడ ఇచ్చిన్రు. మా కార్టర్లల్ల 7-1 అంటే ఇప్పటికి ముసలోళ్లు తుపుక్కున ఉమ్ముతరు. ఎలిజా నెల్సన్ అంటే ఎవరామె అంటరు. గదే ఊరు, గదే పండుగ, గవే దినాలు. ఓడిన మొగోన్ని ఇరవై ఏండ్లు యాది వెట్టుకున్నం, గెలిసిన ఆడిబిడ్డలను తెల్లారేసరికి మర్సిపోయినం. నాకు నేగి కథల అన్నింటికంటె కాలేది గిక్కడనే.

మాంచెస్టర్‌కు పోయిన టీము ఎసుంటిది? మణిపూర్‌కెళ్లి సూరజ్ లత కెప్టెన్. గోల్‌ల హెలెన్ మేరీ, కేరళ బిడ్డ. జార్ఖండ్, ఒడిశా దిక్కు అడవి ఊర్లకెళ్లి వచ్చిన పిల్లలు. హర్యానాకెళ్లి ప్రీతమ్ రాణి, మమత ఖరబ్. ఛత్తీస్‌గఢ్‌కెళ్లి సబా అంజుమ్. చానమందికి రైల్వే కొలువే కూడు వెట్టింది. గది చెప్పుకోకుంటే నేను రైల్వే పింఛను తిన్నట్టు గాదు. ఒకరి భాష ఒకరికి రాదు, తిండి వేరే, తీరు వేరే. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఇంగ్లండ్ ఉన్న పోటీల వీళ్లు పతకం తెస్తరని బుద్ధున్నోడు ఎవ్వడు అనుకోలే.

ఫైనల్‌ల ఎదురుంగ ఇంగ్లండ్. వాళ్ల ఊర్లె, వాళ్ల జనం నడుమ. ఆట 2-2 కాడ ఆగింది. అప్పుడు గోల్డెన్ గోల్ అని ఉండె. అదనపు టైముల మొదాలు ఎవరు కొడ్తే వాళ్లదే, ఆట ఆడనే ఖతం. మమత ఖరబ్ కొట్టింది. 3-2. కామన్వెల్త్ ఆటలల్ల మన ఆడోళ్ల హాకీకి బంగారం. గా టీమునే మళ్ల ఏడాది 2003ల మన హైదరాబాద్‌ల చూసినం. ఆఫ్రో-ఏషియన్ ఆటలు మనకాడనే జరిగినయి గదా. ఆడ గూడ ఆడోళ్లు బంగారం గెలిసిన్రు. మొగోళ్లు పాకిస్తాన్‌ను 3-1తోని ఫైనల్‌ల కొట్టిన్రు. 2004ల ఢిల్లీ ఆసియా కప్పు గూడ ఆడోళ్లదే, అప్పుడు గూడ నేగి కోచింగ్‌ల ఉండె. ఢిల్లీ, చూసినవా, 1982ల ఆయన మెడల చెప్పులదండ ఏసినట్టు జేసిన ఊరే.

గా పిల్లలు ఆడతోని ఆగలే. ప్రీతమ్ రాణి సివాచ్ హర్యానాల సోనీపత్‌ల తానే కోచ్ అయింది. ఇల్లు గడవని ఇండ్ల ఆడిపిల్లలను పట్కొచ్చి కర్ర చేతికిచ్చింది. ఆమె తయారు జేసిన నేహా గోయల్ టోక్యో ఒలింపిక్స్ ఆడింది. 2021ల మన ఆడోళ్లు ఆడ నాలుగో జాగ దాంక పోయిన్రు గదా, మీరు గూడ పొద్దుగాల లేసి చూసిన్రు. గదే ఏడాది ప్రీతమ్‌కు ద్రోణాచార్య ఇచ్చిన్రు. మన తెలుగోళ్లల్ల చిత్తూరు జిల్లా బిడ్డ ఎతిమరపు రజని ఉంది. ఏం ఆడుతదో తెలుసా? గోల్‌కీపర్. పల్లెటూరి పిల్ల, దేశం అంగీ ఏసుకోని గోల్ ముంగట నిలవడ్డది. రేపు బడికి పోయినంక గా పోరనికి చెప్పు, ఉరక చాతగానోళ్లను గోల్‌ల పెడ్తరని అన్నోనికి.

ఏందిరా చింటూ? ఆఁ, సినిమా. చక్ దే ఇండియా. అడుగుతవని తెలుసు.

సినిమా 2007ల వచ్చింది. షిమిత్ అమీన్ తీసిండు, రాసినాయన జైదీప్ సాహ్ని. మాంచెస్టర్ల ఆడోళ్లు గెలిసిన సంగతి పేపర్ల ఓ మూలకు చిన్నగ పడ్డదట. గంత పెద్ద గెలుపు గింత చిన్నగ రాస్తరా అనుకోని సాహ్ని కథ మొదలువెట్టిండట. హాకీ సంగతులు చెప్పమని కౌశిక్ కాడికి పోయిండు. కౌశికే నేగి పేరు చెప్పిండు, పిల్లలకు ఆట నేర్పాలంటే ఆయన్ని పట్టుకో అని. నేగి షారుఖ్ ఖాన్‌కు, సినిమాల ఆడిన పిల్లలకు నెలల కొద్ది ఆట నేర్పిండు. గా పిల్లలల్ల కొందరు నిజంగ హాకీ ఆడేటోళ్లే.

జనం మాత్రం షారుఖ్ ఖాన్ వేషం నేగిదే అనుకున్నరు. పాకిస్తాన్‌తోని ఓడుడు, దేశద్రోహి అనుడు, ఏండ్లకు వచ్చి ఆడపిల్లల టీమును గెలిపిచ్చుడు. పోలిక ఉందా అంటే ఉంది. గని ఇది నా జీవితకథ కాదు అని ఆయనే చెప్పిండు. నాకు గా సినిమా నచ్చింది, మూడుసార్లో నాలుగుసార్లో చూసిన. ఒక్కటే నచ్చలే. సినిమాల షారుఖ్ వేషం, గా కబీర్ ఖాన్, ఫార్వర్డ్. ఆఖరి నిమిషంల పెనాల్టీ స్ట్రోక్ కొడ్తడు, తప్పుతది. ఒక్క దెబ్బ, ఒక్క తప్పు. తెర మీద చూసేటోనికి ఇబ్బంది లేదు. ఏడు గోల్స్ ఎట్ల చూపెడ్తవు? ఒకటి తింటవు, లేసి ప్యాడ్లు దులుపుకోని నిలవడ్తవు. ఇంకోటి తింటవు, మళ్ల లేస్తవు. గంట పైన ఎనకకు పోవరాదు, ముంగటికి పోవరాదు, బయటికి పోతే బాగుండనిపిస్తది, పోవరాదు. గది సినిమాలకు ఎక్కదు. గందుకే కీపర్‌ను ఫార్వర్డ్ చేసిన్రు. బాధ కీపర్‌ది, పాట ఫార్వర్డ్‌కు.

సినిమా వచ్చిన ఏడాదే నేగి టీవీల డాన్స్ పోటీకి గూడ పోయిండు. ఝలక్ దిఖ్‌లా జా. నడివయసు మనిషి, మెరుగుల బట్టలేసుకోని, పడుసు పిల్లతోని స్టెప్పులు. నేను తలకాయ పట్టుకున్న. ఏందయ్యా నేగి సాబ్, గిదేం పని అని టీవీతోని మాట్లాడిన. మీ నాయనమ్మ మాత్రం కండ్లార్పకుండ చూసింది. గీయన కాళ్లు చూడు, పోరగాళ్ల కంటె హుషారుగున్నయి అన్నది. ఉండవా మరి, టర్ఫ్ మీద హసన్ సర్దార్‌కు ఎదురుంగ ఎగిరిన కాళ్లవి అన్న. గట్లనా, మరి గోల్ ముంగట నిలవడ్డ నీ కాళ్లకేమైంది, పండుగకు మార్కెట్టు దాంక నడువుమంటే మోకాళ్లు అంటవు అన్నది. గా దినంకెళ్లి డాన్స్ పోటీ వస్తే నేను వాకిట్ల కూసునేది.